వకీలు తన కోసం పెట్టుకోవాల్సిన ఫైలు

మా ఆఫీసులో ప్రతి కేసుకీ రెండు ఫైళ్లు ఉంటాయి. ఒకటి పార్టీది, అంటే కేసు మనకు అప్పగించిన మనిషిది: ప్లెయింటు, అఫిడవిట్లు, డాక్యుమెంట్లు, కోర్టు నోటీసులు అన్నీ అందులోనే. రెండోది పలచగా ఉంటుంది. అట్ట మీద ఎర్ర స్కెచ్‌పెన్‌తో కేసు నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. అది నాది, మేం ఎర్ర ఫైలు అంటాం. పార్టీ వచ్చి "నా ఫైలు ఇచ్చేయండమ్మా" అంటే మొదటిది కట్ట కట్టి ఇచ్చేస్తాం. రెండోది బీరువా దాటదు.

నేను శ్రీకాకుళంలో సివిల్ కేసులు, మోటారు ప్రమాదాల కేసులు చూస్తాను. పలాస జీడిపప్పు వ్యాపారుల చెక్ బౌన్సులు కొన్ని ఉంటాయి. కొత్తగా ఎన్‌రోల్ అయినవాళ్లు నా దగ్గరకొస్తే డ్రాఫ్టింగ్ కంటే ముందు ఈ రెండో ఫైలు ఎలా పెట్టాలో నేర్పిస్తాను. కొందరికి విసుగు. "మేడమ్, పార్టీని నమ్మకపోతే ఎలా?" అంటారు. నమ్మకం గురించి కాదు. ఈ పాతికేళ్లలో వకీళ్ల మీద, వకీళ్ల కోసం సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు వరసపెట్టి చదవండి. ఫీజు, వకాలత్, పోలీసు నోటీసు, బార్ కౌన్సిల్ ఫిర్యాదు, ఏది తీసుకున్నా చివరికి "నీ దగ్గర కాగితం ఏముంది?" అన్న దగ్గరే ఆగుతుంది. ఆ కాగితాలు ఏవో, ఎప్పుడు తయారు చేసుకోవాలో చెబుతాను.

వకాలత్ దగ్గరే మొదలు

వకాలత్ అంటే తన తరఫున కేసు నడపమని పార్టీ వకీలుకు ఇచ్చే అధికార పత్రం. ఖాళీ వకాలత్‌ల మీద సంతకాలు తీసుకుని సొరుగులో పడేసే అలవాటు మన జిల్లా కోర్టుల్లో ఇంకా ఉంది. ఊరి పెద్ద ఒకాయన నలుగురి సంతకాలు పెట్టించి తెస్తాడు, ఆ నలుగురిలో ఇద్దరి ముఖం మనం చూసి కూడా ఉండం. ఇది ఈరోజే మానేయాలి.

2024 సెప్టెంబరు 20న భగవాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చేసిందో చూడండి. ఎవరి పేరు మీద పిటిషన్ పడిందో ఆయనే వచ్చి, నేను ఏ వకీలునీ పెట్టుకోలేదు, ఈ కేసు సంగతే నాకు తెలియదు అన్నాడు. కోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. కాగితం కింద నుంచి పైకి ఎన్ని చేతులు మారిందో ఆ చేతులన్నీ లెక్కలోకి వచ్చాయి. అంతకుముందు 2006లో రిపోర్టయిన ఉదయ్ శంకర్ త్రియార్ తీర్పులో వకాలత్‌లలో మామూలుగా కనిపించే లోపాలను కోర్టు వరుసగా రాసింది: సంతకం చేసింది ఎవరో పేరు ఉండదు, తేదీ ఉండదు, వకీలు అంగీకారం సంతకం ఉండదు, సంస్థ తరఫున అయితే ఏ హోదాలో చేశాడో ఉండదు. మన ఫైలింగ్ సెక్షన్‌లో రిటర్న్ అయ్యే వకాలత్‌లు చూడండి, ఇవే కారణాలు.

చేయాల్సింది ఇది. పార్టీ మీ ఎదుట కూర్చుని సంతకం చేయాలి. సంతకం కింద పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు. వేలిముద్ర అయితే చదివి వినిపించామని రాసి, చదువు వచ్చిన సాక్షి సంతకం. ఆధార్ జిరాక్స్ మీద పార్టీ సంతకం చేయించి ఎర్ర ఫైలులో మొదటి కాగితంగా పెట్టండి. హైదరాబాద్‌లోనో, గుజరాత్ హార్బర్‌లోనో ఉన్న పార్టీ అయితే, మన కవిటి, వజ్రపుకొత్తూరు వైపు ఇలాంటివాళ్లే ఎక్కువ, వకాలత్ పోస్టులో పంపించి వాళ్లు సంతకం చేస్తుండగా వీడియో కాల్‌లో చూస్తాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ నంబరు నుంచి అన్నది ఒక చీటీ మీద రాసి పెడతాను. చట్టం అలా చేయమని చెప్పలేదు. రేపు ఎవరైనా "నేను సంతకం చేయలేదు" అంటే ఆ చీటీ నాకు పనికొస్తుంది.

ఫీజు

దీని దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే పార్టీలతో గొడవలు ముప్పాతిక వంతు ఇక్కడే.

జాతీయ రహదారి మన జిల్లాను నిలువునా చీల్చుకుంటూ పోతుంది, ప్రమాదాల కేసులకు కొదవ లేదు. చనిపోయినాయన భార్య వస్తుంది, చంకలో పిల్ల, వెనకాల మరిది. చేతిలో బస్సు చార్జీలు తప్ప ఏమీ ఉండవు. మరిది అంటాడు: "అమ్మా, డబ్బులొచ్చినాక పదికి రెండు మీకిచ్చెత్తాం, ఏటంటారు?" సరే అనడం చాలా తేలిక. చాలామంది అంటారు కూడా.

అనకూడదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ ప్రకారం కేసు ఫలితం మీద ఆధారపడిన ఫీజు, వచ్చిన దాంట్లో వాటా, రెండూ నిషేధం. బి. సునీత వర్సెస్ స్టేట్ ఆఫ్ తెలంగాణ కేసులో 2017 డిసెంబరు 5న వచ్చిన తీర్పు అచ్చం మన ఎంవీఓపీ, అంటే ప్రమాద పరిహారం పిటిషన్, కథే. భర్త ప్రమాదంలో పోయిన స్త్రీ, పరిహారం వచ్చింది, వకీలుకు 10 లక్షలు ఇచ్చింది, ఆపైన ఇంకో 3 లక్షలకు చెక్కు రాయించుకున్నారు. చెక్కు బౌన్స్ అయితే వకీలు 138వ సెక్షన్ కింద చెక్ బౌన్స్ కేసు వేశాడు. శాతం లెక్కన ఫీజు అడగడం ప్రజా విధానానికి విరుద్ధం, అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన కూడా అని సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. చెక్కు మీద పార్టీ సంతకం ఉంది కాబట్టి బాకీ ఉన్నట్టే అన్న వాదన వకీలుకు పనికి రాలేదు. వకీలు, పార్టీ మధ్య ఉన్నది విశ్వాస సంబంధం కాబట్టి మామూలు బాకీదారు లెక్క ఇక్కడ కుదరదు. కనుక పార్టీ దగ్గర ఖాళీ చెక్కు, ప్రోనోటు తీసుకోవడం అంటే మీ మీద సాక్ష్యం మీరే తయారు చేసుకోవడం.

మరి డబ్బు లేనివాళ్ల సంగతి? మొత్తం ఎంత అన్నది ముందే తేల్చండి. గెలిచినా ఓడినా అదే. ఎప్పుడెప్పుడు ఇవ్వాలో వాయిదాలుగా రాయండి. మా వైపు జీడి పంట చేతికొచ్చే వేసవిలో ఒక భాగం, సంక్రాంతికి ధాన్యం అమ్మాక ఒక భాగం అని రాసుకున్న ఒప్పందాలు నా బీరువాలో చాలా ఉన్నాయి. అసలేమీ ఇవ్వలేని స్థితి అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపించండి. 1987 నాటి చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కేసు తమ చేజారుతుందని భయపడి ఈ మాట చెప్పని వకీళ్లున్నారు. నాకది నచ్చదు.

ఇంకో సంగతి. 2025 మార్చి 18న పర్మీందర్ సింగ్ కేసులో, ప్రమాద పరిహారాన్ని నేరుగా హక్కుదారుల బ్యాంకు ఖాతాలోకే పంపే పద్ధతి పెట్టమని సుప్రీంకోర్టు ట్రిబ్యునళ్లకు చెప్పింది. అంటే పరిహారం డబ్బు తీసుకోవడానికి వేసే చెక్ పిటిషన్ రోజున ఫీజు పట్టుకుని మిగతాది ఇచ్చే పాత అలవాటుకు చోటు లేదు. పిటిషన్ వేసే రోజే పార్టీ పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్ తీసుకోండి, మైనర్ల పేరు మీద ఖాతా లేకపోతే తెరిపించండి.

ఫీజు ఒప్పందం ఒక పేజీ చాలు. తెలుగులో రాయండి. ఏ కేసు, ఏ కోర్టు వరకు, మొత్తం ఎంత, కోర్టు ఫీజు, కమిషనర్ ఫీజు, సర్టిఫైడ్ కాపీల ఖర్చులు అందులో ఉన్నాయా లేవా, అప్పీలు వేరా కలిపా, మధ్యలో వకీలుని మార్చుకుంటే అప్పటివరకు ఎంత. ఇంతే. చదివి వినిపించి, రెండు కాపీల మీద సంతకాలు చేసి ఒకటి వాళ్లకు ఇచ్చేయండి. ఇలా రాసుకున్న ఫీజు కోసం సివిల్ కోర్టులో దావా వేసే హక్కు 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టం ఇచ్చింది. అదే చట్టం, నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే వకీలు అన్న కారణంతో తప్పించుకోలేవని కూడా చెప్పింది. రెండు వైపులా పదునుంది.

ప్రతి పైసాకీ రసీదు. ప్రింటింగ్ ప్రెస్‌లో నంబర్లు వేసిన పుస్తకం కొట్టించుకోండి. ఫోన్‌పేలో వస్తే మెసేజ్ దగ్గర కేసు నంబరు రాయమనండి, లేకపోతే మూడేళ్ల తర్వాత ఆ 5,000 ఫీజో, కోర్టు ఫీజుకు ఇచ్చిందో మీకూ గుర్తుండదు, వాళ్లకూ గుర్తుండదు. మందస నుంచి వచ్చిన పార్టీ పనసపండు తెస్తే దానికి రసీదు అక్కర్లేదు.

పార్టీ ఏం చెప్పింది, మీరేం చేశారు

2024 మే 14న వచ్చిన డి.కె. గాంధీ కేసు తీర్పు తర్వాత మన బార్‌లో స్వీట్లు పంచినంత పని అయింది. వకీలు సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావు, వకీలు మీద కన్స్యూమర్ కేసు చెల్లదు అని చెప్పిన తీర్పు అది. 2007లో జాతీయ కమిషన్ చెప్పిన దాన్ని తిరగరాసింది. కానీ అందులో కారణం ఏం చెప్పారో చదివినవాళ్లు తక్కువ. వకీలు పార్టీ అదుపులో పనిచేస్తాడు, పార్టీ ఇచ్చిన సూచనలు దాటి పోడు, అందుకే ఇది వ్యక్తిగత సేవ అన్నారు. అంటే మనల్ని కాపాడిన వాదనే మన మీద ఒక పని పెట్టింది. పార్టీ సూచన ఏమిటో మనం చూపించగలగాలి. 2015లోనే హిమాలయన్ కో-ఆపరేటివ్ సొసైటీ కేసులో, పార్టీ స్పష్టంగా చెప్పకుండా దాని హక్కులు వదులుకునే ఒప్పుకోలు వకీలు ఇవ్వకూడదని చెప్పారు. కన్స్యూమర్ ఫోరం తలుపు మూసుకున్నా సివిల్ దావా, బార్ కౌన్సిల్ ఫిర్యాదు, మోసం ఉంటే క్రిమినల్ కేసు, ఇవన్నీ తెరిచే ఉన్నాయి.

అందుకని మూడు సందర్భాల్లో సూచన కాగితం తప్పనిసరి అని మా ఆఫీసులో రూలు.

లోక్ అదాలత్‌లో రాజీ. అక్కడ వచ్చిన అవార్డు మీద అప్పీలు ఉండదు. ఊరెళ్లాక బావమరిది "తక్కువకి ఒప్పేసుకున్నారు, లాయరు అటెల్లిపోనాడు" అంటాడు. ముందు రోజే అంకెతో సహా, ఇంతకు ఒప్పుకుంటున్నాను, అప్పీలు ఉండదని నాకు చెప్పారు అని పార్టీ చేత రాయించుకోండి. రాయలేకపోతే మీరు రాసి చదివి వినిపించండి. అదాలత్‌లో సంతకం పార్టీదే ఉండాలి, మీది ఒక్కటే చాలదు.

తీర్పు వచ్చిన రోజు. ఓడిపోతే సర్టిఫైడ్ కాపీకి ఎప్పుడు దరఖాస్తు చేశారో, జిల్లా కోర్టులో అప్పీలుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు అని ఒక లెటర్ మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. "అప్పీలు గడువు మాకెవరూ చెప్పలేదు" అన్నది వకీళ్ల మీద ఎక్కువగా వినిపించే ఫిర్యాదు.

ఒక సాక్షిని విడిచిపెట్టినప్పుడు, ఒక డాక్యుమెంటు వేయనప్పుడు. ఎందుకు వద్దనుకున్నామో రెండు వాక్యాలు.

ఫోన్‌లో చెప్పిన సూచనలైతే, కాల్ అయ్యాక "మీరు ఇలా చెప్పారు, అలాగే చేస్తున్నాను" అని వాట్సాప్‌లో తెలుగులో పంపి, అటు నుంచి సరే అని వచ్చేదాకా ఆగండి. అయితే వాట్సాప్ మీదే బతకకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో చూపించాలంటే కొత్త సాక్ష్య చట్టం, బీఎస్ఏ, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో నిపుణుడు నింపాల్సిన భాగం ఒకటి, ఫైలు మారలేదని చూపించే హ్యాష్ విలువ ఒకటి ఉన్నాయి. పార్టీల కేసుల్లో ఆ సర్టిఫికెట్ కోసం పడే టెన్షన్ మనకు తెలిసిందే. ముఖ్యమైన సూచన అయితే తర్వాతి వాయిదాకు వచ్చినప్పుడు కాగితం మీద సంతకం తీసుకోవడమే సుఖం.

ఫైలు తిరిగి అడిగితే

ఇచ్చేయండి. ఫీజు బాకీ ఉన్నా ఇచ్చేయండి.

ఆర్.డి. సక్సేనా కేసు 2000 సంవత్సరంలో తేలింది. భోపాల్‌లో ఒక సహకార బ్యాంకుకు న్యాయ సలహాదారుగా ఉన్నాయన, తనకు రావాల్సిన 97,100 రూపాయలు కట్టేదాకా ఫైళ్లు ఇవ్వనన్నాడు. బార్ కౌన్సిల్ ఆయన్ను 18 నెలలు ప్రాక్టీసు నుంచి తప్పించి, వెయ్యి రూపాయల జరిమానా వేసింది. సుప్రీంకోర్టు శిక్షను మందలింపుకు తగ్గించింది గానీ, ఫైలు మీద వకీలుకు తాకట్టు హక్కు లేదని గట్టిగా చెప్పింది. ఫీజు కావాలంటే దావా వేసుకోవాలి, ఫైలు పట్టుకుని బేరం ఆడకూడదు.

ఇచ్చేటప్పుడు మాత్రం జాబితా రాయండి. ఒరిజినల్ డాక్యుమెంట్లు ఏవి, కాపీలు ఏవి, ఏ కోర్టులో ఎగ్జిబిట్లుగా ఉన్నవి ఏవి అని విడివిడిగా. పార్టీ సంతకం, తేదీ. మన జిల్లాలో భూమి కేసులే ఎక్కువ కాబట్టి పట్టాదారు పాసుపుస్తకం, ప్రభుత్వం ఇచ్చిన భూమికి ఉండే డీ-పట్టా ఒరిజినల్ అంటే ఇంటి బంగారం కంటే ఎక్కువ. అసలు తీసుకునేటప్పుడే ఒరిజినల్ వద్దు, జిరాక్స్ చాలు, ఒరిజినల్ కోర్టులో దాఖలు చేసే రోజు తెమ్మనండి. కొత్త వకీలు ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, అడిగితే బాకీ సాకు చెప్పి తిప్పకండి.

స్టేషన్ నుంచి ఫోన్ వస్తే

"మేడమ్, ఒకసారి వచ్చి వెళ్లండి, చిన్న క్లారిఫికేషన్" అంటారు. మర్యాదగానే అంటారు. మనకు రోజూ కోర్టులో కనిపించే మనుషులే. అందుకే కాదనలేక వెళ్లిపోతాం. వెళ్లకండి.

2025లో ఇది దేశమంతా చర్చ అయింది. అహ్మదాబాద్‌లో ఒక వకీలు తన పార్టీకి బెయిలు తెచ్చాక, ఆ కేసు వివరాలు చెప్పమని పోలీసులు ఆయనకే నోటీసు పంపారు. అదే ఏడాది జూన్‌లో న్యాయ సలహా ఇచ్చినందుకు ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు, అరవింద్ దాతార్, ప్రతాప్ వేణుగోపాల్‌కు ఈడీ సమన్లు వెళ్లాయి. ఆ తర్వాత వెనక్కు తీసుకున్నారు. సుప్రీంకోర్టు తనంతట తాను కేసు తీసుకుని 2025 అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. ముగ్గురు జడ్జీల బెంచి, అప్పటి ప్రధాన న్యాయమూర్తి బి.ఆర్. గవాయ్ అధ్యక్షత.

ఆ తీర్పును పని చేసే రూపంలో చెబుతాను. దర్యాప్తు అధికారి, నిందితుడి తరఫు వకీలుకు కేసు వివరాలు చెప్పమని సమన్లు ఇవ్వకూడదు. వకీలుతో పార్టీ చెప్పిన మాటలకు రక్షణ ఇచ్చే బీఎస్ఏ 132వ సెక్షన్‌లో చెప్పిన మినహాయింపు ఉంటేనే ఇవ్వాలి. నేరం చేయడానికే సలహా అడిగిన సందర్భం ఒకటి, పని ఒప్పుకున్నాక జరిగిన నేరమో మోసమో వకీలు కంట పడిన సందర్భం ఇంకొకటి. పార్టీ స్వయంగా ఒప్పుకుంటే అది వేరు. మినహాయింపు ఉందంటే ఆ వాస్తవాలు ఏవో సమన్లలోనే రాయాలి. ఎస్పీ స్థాయికి తగ్గని పై అధికారి, తాను ఎందుకు ఒప్పుకున్నాడో రాసి ఇవ్వాలి. ఆ సమన్లను కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, బీఎన్ఎస్ఎస్, 528 కింద హైకోర్టులో ప్రశ్నించవచ్చు.

కనుక ఫోన్ వస్తే "రాతపూర్వకంగా పంపండి" అనండి, అంతే. నోటీసు వస్తే ముందు అది బీఎన్ఎస్ఎస్‌లో ఏ సెక్షనో చూడండి. 35(3) అయితే మిమ్మల్ని నిందితుల వరుసలో చూస్తున్నారని, 179 అయితే సాక్షిగా అని, 94 అయితే కాగితమో వస్తువో అడుగుతున్నారని అర్థం. ఏ పార్టీ కేసుకు సంబంధించిందో, మినహాయింపు వాస్తవాలు రాశారా, ఎస్పీ అనుమతి జతచేశారా చూసి, లేకపోతే లేవని జవాబు రాయండి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఎర్ర ఫైలులో పెట్టండి. బార్ అధ్యక్షుడికి ఒక కాపీ.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. పార్టీ మీతో చెప్పిన మాటకు రక్షణ ఉంది. మీ దగ్గర ఉన్న డాక్యుమెంటుకు ఆ 132 రక్షణ లేదని కూడా అదే తీర్పు చెప్పింది. దాన్ని ఇవ్వాల్సింది మాత్రం స్టేషన్‌లో కాదు, కోర్టు ఆదేశం మీద కోర్టులో. ఫోన్, ల్యాప్‌టాప్ అడిగినా అంతే: కోర్టు ముందే పెట్టాలి, పార్టీకి నోటీసు ఇచ్చి అభ్యంతరాలు వినాలి, తెరిచేటప్పుడు పార్టీ, వకీలు, వాళ్లు ఎంచుకున్న సాంకేతిక నిపుణుడు ఉండాలి, మిగతా పార్టీల సమాచారం బయటపడకూడదు. ఇందుకోసమైనా అన్ని కేసుల కాగితాలూ ఒకే వాట్సాప్ గ్రూపులో కలగాపులగంగా పెట్టకండి. ఒక్కో కేసుకు ఒక్కో ఫోల్డర్.

మీ గుమాస్తాకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. 132వ సెక్షన్ గుమాస్తాలకు, ఆఫీసు ఉద్యోగులకు, దుబాసీలకు కూడా వర్తిస్తుంది. పోలీసులు ముందు పలకరించేది వాళ్లనే, టీ కొట్టు దగ్గర. సవర భాష మాట్లాడే పార్టీల కోసం సీతంపేట వైపు నుంచి ఎవరినైనా తోడు తెచ్చుకుంటే వాళ్లకీ చెప్పాలి.

ఒక కంపెనీలో జీతానికి పనిచేసే న్యాయ అధికారికి 132 రక్షణ లేదు, 134లో చెప్పిన పరిమిత రక్షణే. మన ఊళ్లో అలాంటివాళ్లు తక్కువ కాబట్టి వదిలేస్తున్నాను.

బార్ కౌన్సిల్ నుంచి కవరు

అడ్వకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ కింద ఫిర్యాదు వస్తే కాళ్లు చల్లబడతాయి. నిజమే. కానీ ఎర్ర ఫైలు ఉంటే జవాబు ఒక సాయంత్రం పని. వకాలత్, ఒప్పందం, రసీదులు, సూచన కాగితాలు తేదీల వారీగా జతచేయడమే.

ఇప్పుడు చాలా ఫిర్యాదులు మన పార్టీ నుంచి కాదు, ఎదుటి పార్టీ నుంచి వస్తున్నాయి. 2025 సెప్టెంబరు 24న సుప్రీంకోర్టు అలాంటి వాటి మీద గట్టిగానే మాట్లాడింది. ఎదుటి పార్టీ ఇచ్చిన పస లేని ఫిర్యాదును ముందుకు పంపినందుకు మహారాష్ట్ర, గోవా బార్ కౌన్సిల్‌కే 50,000 రూపాయల ఖర్చులు వేసింది. అఫిడవిట్ ఇచ్చిన మనిషిని గుర్తుపట్టి సంతకం చేసినంత మాత్రాన అందులోని విషయాలకు వకీలు బాధ్యుడు కాడని కూడా అదే రోజు చెప్పింది. ఊరట కలిగించే మాట. అయినా మీరు చూడని మనిషిని గుర్తుపట్టానని సంతకం చేస్తే ఆ తీర్పు మిమ్మల్ని కాపాడదు.

రాష్ట్ర బార్ కౌన్సిల్ ఏడాదిలోగా తేల్చాలి, 36బి సెక్షన్. తేల్చకపోతే కేసు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోతుంది. శిక్ష పడితే 60 రోజుల్లో అక్కడికి అప్పీలు, ఆపైన మరో 60 రోజుల్లో సుప్రీంకోర్టుకు.

ఇంకొన్ని, త్వరగా

విధుల బహిష్కరణ. 2002 డిసెంబరు 17 నాటి హరీశ్ ఉప్పల్ తీర్పు ప్రకారం వకీళ్లకు సమ్మె హక్కు లేదు. 2020లో డెహ్రాడూన్ బార్ కేసులో మళ్లీ అదే చెప్పారు. బహిష్కరణ వల్ల పార్టీకి పడిన ఖర్చు వకీలు నుంచి రాబట్టవచ్చని 2000లోనే రామన్ సర్వీసెస్ కేసులో అన్నారు. భూమి హక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) మీద నిరసనతో మన కోర్టులు వారాల తరబడి బోసిపోయినప్పుడు చాలామందికి ఆ కోపం న్యాయమైనదే అనిపించింది, ఆ చట్టం 2024లో రద్దయింది కూడా. కానీ ఆ వారాల్లో ఇంజంక్షన్ గడువు ముగిసినవాళ్లూ, రిమాండ్‌లో ఉన్నవాళ్లూ ఉన్నారు. బార్ తీర్మానం వచ్చిన రోజు సాయంత్రమే మీ డైరీలో అలాంటివి ఏవో వేరు చేయండి. అవి ఆపకూడదు. ఎవరేమనుకున్నా సరే.

ఏఐతో తీర్పులు వెతకడం. వెతకండి, నేనూ వెతుకుతాను. కానీ సుప్రీంకోర్టు తీర్పులుండే ఈ-ఎస్‌సీఆర్‌లోనో, ఈ-కోర్ట్స్ జడ్జిమెంట్ల పోర్టల్‌లోనో ఆ తీర్పు తెరిచి, మొదటి పేజీ, మీరు చూపించే పేరా ప్రింటు తీసి ఫైలులో పెట్టకుండా మెమోలో రాయకండి. బెంగళూరు ఇన్‌కమ్ ట్యాక్స్ ట్రిబ్యునల్ 2024 డిసెంబరులో బక్‌ఐ ట్రస్ట్ కేసులో ఇచ్చిన ఉత్తర్వును, అందులో లేని తీర్పులు దొర్లాయని కొద్ది రోజుల్లోనే వెనక్కు తీసుకోవాల్సి వచ్చింది. కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టుల కోసం ఏఐ విధానమే ప్రకటించింది.

రీల్స్. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్‌లో రూల్ 36 ఇంకా అలాగే ఉంది, ప్రకటన ఇవ్వకూడదు. 2025 మార్చిలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సోషల్ మీడియా ప్రచారం మీద మళ్లీ హెచ్చరించింది. చట్టం గురించి మాట్లాడండి, కింద ఫోన్ నంబరు పెట్టకండి.

జూనియర్లకు మరొక్కటి. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు జనరల్ వారికి 750, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు దాటకూడదని 2024 జులై 30న గౌరవ్ కుమార్ కేసులో తేలింది. ఎక్కువ అడిగితే ఆ తీర్పు చూపించండి. 2025 మే 20 తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు కావాలి, తాత్కాలిక ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క. ఆ కోర్టు ప్రధాన న్యాయాధికారి సర్టిఫికెట్ గానీ, పదేళ్ల అనుభవమున్న వకీలు ఇచ్చి ఆ అధికారి ధ్రువీకరించింది గానీ ఉండాలి. కాబట్టి ఏ రోజు ఏ కోర్టులో ఏ కేసులో హాజరయ్యారో సొంత డైరీ ఈరోజు నుంచే రాయండి, సీనియర్ డైరీ మీద ఆధారపడకండి. దరఖాస్తు చేసేటప్పుడు ఆ నోటిఫికేషన్‌లోని షరతు మళ్లీ చదువుకోండి. గ్రామీణ ప్రాంతాల్లో జూనియర్లకు నెలకు కనీసం 15,000 ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు సూచించింది. ఆ సర్క్యులర్ మీ సీనియర్ టేబుల్ మీద పెట్టే ధైర్యం మీ ఇష్టం.

ఎంతకాలం దాచాలి

డిక్రీ అమలుకు 12 ఏళ్ల గడువు ఉంది కాబట్టి సివిల్ కేసుల ఎర్ర ఫైళ్లు అంతవరకూ ఉంచుతాను. మిగతావి, చివరి అప్పీలు ముగిశాక మూడేళ్లకు తక్కువ కాకుండా. మన జిల్లాలో కాగితానికి చెదలు ఒక శత్రువు, తుఫాను ఇంకో శత్రువు. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు కాగితాలు ఎంత మిగిలాయో అక్కడివాళ్లను అడగండి. బీరువా అడుగు అర ఖాళీగా ఉంచండి. కాగితం పెట్టిన రోజే ఫోన్‌తో స్కాన్ చేసి, కేసు నంబరు, సంవత్సరం, పార్టీ ఊరు పేరుతో సేవ్ చేసి, నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్ ఆఫీసులో కాకుండా ఇంట్లో ఉండాలి.